రియల్టర్ చెప్పిన బ్రోకర్ దగ్గరే లోన్ తీసుకోవాలా? డాలస్‌లో కొత్త ఇల్లు, సలహా కావాలి

సెలైనా_సొంతిల్లు:

అందరికీ నమస్తే. నేనూ మా ఆవిడా ఇద్దరం హెచ్1బీ మీదే ఉన్నాం. అయిదేళ్లు అపార్ట్‌మెంట్ అద్దె కట్టి కట్టి విసుగొచ్చి, ఈ మధ్యే డాలస్‌కి ఉత్తరాన సెలైనాలో బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు బుక్ చేశాం. ధర 6 లక్షల 25 వేల డాలర్లు. 20 శాతం మేం పెట్టుకుంటాం, 5 లక్షలు లోన్. క్లోజింగ్, అంటే చివరి సంతకాలు పెట్టి ఇల్లు మా పేరు మీదకి వచ్చే రోజు, ఇంకో రెండున్నర నెలల్లో ఉంటుందన్నారు.

ఇంటితో ఇబ్బందేం లేదు, తలనొప్పంతా లోన్‌తోనే. మా రియల్టర్ మన తెలుగాయనే, గుళ్లో పరిచయం, మనిషి మంచివాడే. కానీ ఇల్లు చూపించిన రోజు నుంచి ఒకటే పాట: "మన గుంటూరు కుర్రాడు ఒకడున్నాడు, మార్ట్‌గేజ్ బ్రోకర్, అంటే ఇంటి లోన్లు ఇప్పించేవాడు, వాడి దగ్గరే చేయించండి, మనవాడైతే అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తుతాడు" అని. సరే కదా అని మాట్లాడాను. అతను వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు, 6.25 శాతం వడ్డీ, ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి నెలకి 3,567 డాలర్లు అని. ఏదైనా అఫీషియల్ కాగితం ఇవ్వమంటే "ముందు రెండేళ్ల డబ్ల్యూ2లు, పే స్టబ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అన్నీ అప్‌లోడ్ చెయ్యండి, అప్పుడిస్తా" అంటున్నాడు. ఇంకెక్కడా క్రెడిట్ రిపోర్టు తీయించొద్దు, క్రెడిట్ స్కోరు పడిపోతుంది అని గట్టిగా చెప్పాడు కూడా.

ఇటు బిల్డర్ సేల్స్ ఆఫీసులోనేమో వాళ్ల సొంత మార్ట్‌గేజ్ కంపెనీలో తీసుకుంటే 15 వేల డాలర్లు క్లోజింగ్ ఖర్చులకి ఇస్తామని, బయట తీసుకుంటే పైసా రాదని చెప్పారు. నిన్న ఈ మాట రియల్టర్‌కి చెబితే ముఖం మారిపోయింది. తన కమిషన్‌లోంచి ఇస్తానన్న క్యాష్‌బ్యాక్ ఆ బ్రోకర్‌తో చేస్తేనే అన్నట్టు మాట్లాడాడు. పైకి అనలేదు గానీ అర్థం అదే.

అసలు లోన్ ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పే హక్కు వీళ్లలో ఎవరికైనా ఉందా? నలుగురి దగ్గర కొటేషన్ అడిగితే నిజంగా స్కోరు పోతుందా? మొహమాటం ఒకటి చంపేస్తోంది, రేపు గుళ్లో మళ్లీ ఎదురుపడాలి కదా.

ప్లేనో_పిన్ని:

బాబూ, ముందు ఆ స్క్రీన్‌షాట్ డిలీట్ చెయ్యి. దానికి చిత్తుకాగితం విలువ కూడా లేదు, రేపు "అప్పుడు రేటు అలా ఉంది, ఇప్పుడు మారింది" అంటే నువ్వేం చేస్తావు?

ఇక్కడ లోన్ ఎస్టిమేట్ అని ఒక కాగితం ఉంటుంది, మూడు పేజీలు, దేశమంతా ఒకటే నమూనా. 2015 అక్టోబరు నుంచి అందరూ అదే ఇవ్వాలి. దానికి నువ్వు చెప్పాల్సింది ఆరే ఆరు సంగతులు: పేరు, ఆదాయం, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఇంటి అడ్రసు, ఇంటి విలువ సుమారుగా, ఎంత లోన్ కావాలి. ఇవి చెప్పాక మూడు పని దినాల్లో ఆ కాగితం పంపి తీరాలి, బ్రోకర్ అయినా బ్యాంకు అయినా. పే స్టబ్‌లు పెడితేనే ఇస్తా అనడానికి వీల్లేదు. ఆ కాగితాలు తర్వాత ఎలాగూ అడుగుతారు, ఇవ్వాలి కూడా, కానీ ఎస్టిమేట్‌కి ముందు వాటిని షరతుగా పెట్టకూడదు. డబ్బు విషయం కూడా అంతే, ఆ కాగితం నీ చేతికొచ్చి నువ్వు "సరే ముందుకెళ్దాం" అనేదాకా క్రెడిట్ రిపోర్టు ఖర్చు తప్ప ఇంకేమీ అడగకూడదు. అప్లికేషన్ ఫీజు అని, ఫైలు ఫీజు అని ఎవరైనా అడిగితే అక్కడే లేచి వచ్చెయ్.

ఇరవై ఏళ్ల కింద మా మొదటి ఇంటికి ఇవేవీ లేవు. సంతకం పెట్టే టేబుల్ మీద లెక్క మారిపోయేది, చచ్చినట్టు పెట్టేవాళ్లం.

పాత_ప్రాసెసర్:

ఏడేళ్లు ఒక లోన్ కంపెనీలో ప్రాసెసింగ్ చేశాను, ఇప్పుడు వేరే ఫీల్డ్. పిన్నిగారు చెప్పింది కరెక్ట్, మిగతావి నేను చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

మొదట రియల్టర్ సంగతి. 1974లో వచ్చిన రెస్పా అనే చట్టంలో 8వ సెక్షన్ ఉంది. నిన్ను తన దగ్గరికి పంపినందుకు లోన్ బ్రోకర్ మీ రియల్టర్‌కి ఒక్క డాలర్ ఇచ్చినా నేరమే. డాలరే కానక్కర్లేదు, క్రికెట్ మ్యాచ్ టికెట్లు, టూర్లు, ఇంకేదైనా లాభం, అన్నీ అందులోకే వస్తాయి. జరిమానా 10 వేల డాలర్ల దాకా, ఏడాది దాకా జైలు కూడా ఉంది. మీ రియల్టర్ అలా తీసుకుంటున్నాడని నేననట్లేదు, చాలామంది తమకి పని తేలికవుతుందనే తెలిసినవాళ్ల పేరు చెబుతారు. పేరు చెప్పడం తప్పు కాదు. "ఇక్కడే తీసుకోవాలి" అని మెడ మీద కూర్చోవడమే తప్పు.

క్యాష్‌బ్యాక్ వేరే ముచ్చట. టెక్సస్‌లో రియల్టర్ తన కమిషన్‌లోంచి కొనేవాళ్లకి కొంత తిరిగివ్వడం చట్టబద్ధమే. అది నీకూ ఆయనకీ మధ్య ఒప్పందం, లోన్ ఎవరిదన్న దానితో సంబంధం లేదు. 2024 ఆగస్టు నుంచి ఇళ్లు చూపించే ముందే కొనేవాళ్లతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి కదా, మీరూ సంతకం పెట్టి ఉంటారు, అది తీసి చదువు. అందులో క్యాష్‌బ్యాక్ రాసి ఉంటే గొడవే లేదు. రాసి లేకపోతే ఇప్పుడైనా ఈమెయిల్‌లో రాయించుకో. ఎంత ఇస్తున్నాడో లోన్ కంపెనీకీ తెలియాలి, క్లోజింగ్ కాగితాల్లో కనిపించాలి. చాటుగా జెల్లే, వెన్మో అంటే ఒద్దను.

ఇక ఆ బ్రోకర్. అతనికి ఎన్‌ఎంఎల్‌ఎస్ నంబరు, అంటే లోన్ బ్రోకర్ల లైసెన్స్ రిజిస్టర్ నంబరు, ఉండాలి, ఉంటే అతని ఈమెయిల్ కిందే కనిపిస్తుంది. ఎన్‌ఎంఎల్‌ఎస్ కన్జ్యూమర్ యాక్సెస్ సైట్‌లో ఆ నంబరు కొట్టు, టెక్సస్‌లో లైసెన్స్ ఉందా, అంతకుముందు ఎక్కడెక్కడ చేశాడు, ఏ రాష్ట్రమైనా చర్య తీసుకుందా అన్నీ ఫ్రీగా చూడొచ్చు. రెండు నిమిషాల పని, మనవాళ్లలో పదిమందిలో ఒకరు కూడా చెయ్యరు.

బ్రోకర్‌కి డబ్బు ఎవరిస్తారన్నది కూడా అడుగు. లోన్ ఇచ్చే కంపెనీ అయినా ఇవ్వాలి, నువ్వయినా ఇవ్వాలి, రెండువైపులా తీసుకోకూడదు. ఇంకొకటి, నీకు ఎక్కువ వడ్డీ అంటగడితే తనకి ఎక్కువ కమిషన్ వచ్చే పద్ధతి నిషిద్ధం, 2008 సంక్షోభం తర్వాత తెచ్చిన నిబంధన ఇది. అంతకుముందు జరిగిన ఘోరాలన్నీ అక్కడే జరిగాయి. లోన్ కంపెనీ ఇచ్చే కమిషన్ లోన్ ఎస్టిమేట్‌లో కనపడదు, చివర్లో వచ్చే క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో "పెయిడ్ బై అదర్స్" కాలమ్‌లో కనపడుతుంది. అప్పటిదాకా ఆగడమెందుకు, ఇప్పుడే మొహం మీద అడుగు. మంచి బ్రోకర్ దాచడు.

స్కోరు గురించి చెప్పింది మాత్రం శుద్ధ అబద్ధం, లేదా అతనికే తెలియదు. ఇంటి లోన్ కోసం తక్కువ రోజుల తేడాలో ఎంతమంది లాగినా ఒకటిగానే లెక్కేస్తారు. కొత్త స్కోరింగ్‌లో ఆ గడువు 45 రోజులు, పాతవాటిలో 14. నువ్వు రెండు వారాల్లో ముగించెయ్, ఏ లెక్కలో అయినా భయం లేదు.

ఉప్పుడు_పిండి:

ఇన్ని లా పాయింట్లు అవసరమా అండీ? బిల్డర్ 15 వేలు ఇస్తుంటే కళ్లు మూసుకుని తీసుకోవడమే. మా కాలనీలో తొంభై శాతం అలాగే కొన్నారు. నచ్చకపోతే ఆరు నెలల తర్వాత రీఫైనాన్స్ చేసుకుంటే, అంటే కొత్త లోన్ తీసి పాతది తీర్చేస్తే సరి. బ్రోకర్లు, రియల్టర్లు ఎవరి కడుపు వాళ్లు చూసుకుంటారు, బిల్డరూ అంతే, కానీ బిల్డర్ చేతిలో 15 వేలు ఉన్నాయి.

ప్లేనో_పిన్ని:

@ఉప్పుడు_పిండి, కళ్లు మూసుకుని తీసుకుంటే ఆ 15 వేలు ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కుంటారు నాయనా. పాయింట్ల రూపంలోనో (రేటు తగ్గించడానికి ముందే కట్టించుకునే ఫీజు, ఒక పాయింటంటే లోన్‌లో ఒక శాతం), పావు శాతం ఎక్కువ వడ్డీ రూపంలోనో. కళ్లు తెరిచి తీసుకోమనే మేమూ చెప్పేది. రీఫైనాన్స్ ఊరికే రాదు, మళ్లీ టైటిల్ (ఇంటి హక్కు పత్రాల తనిఖీ, ఇన్సూరెన్స్), మళ్లీ ఫీజులు, పైగా అప్పటికి రేట్లు తగ్గుతాయని నీకెవరు రాసిచ్చారు?

పాత_ప్రాసెసర్:

ఉప్పుడు పిండి గారిదీ పూర్తిగా తప్పు కాదు, చాలాసార్లు చివరికి బిల్డర్ కంపెనీయే గెలుస్తుంది. చట్టం ఏమంటుందంటే, తన కంపెనీలోనే లోన్ తీసుకోమని బిల్డర్ బలవంతం చెయ్యకూడదు, కానీ తీసుకుంటే డిస్కౌంట్ ఇస్తాననొచ్చు. రెండు షరతులు: తీసుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టమై ఉండాలి, డిస్కౌంట్ నిజమైనదై ఉండాలి, ఇంకోచోట పెంచి రాబట్టుకోకూడదు. ఆ కంపెనీలో బిల్డర్‌కి వాటా ఉంటే "అఫిలియేటెడ్ బిజినెస్ అరేంజ్‌మెంట్" అని ఒక కాగితం నీకివ్వాలి. అందులోనే "మీరు వీళ్లనే వాడాలని లేదు" అని రాసుంటుంది, సేల్స్ ఆఫీసులో సంతకాల కట్టలో కలిపేసి ఉంటారు, వెతుకు.

పనిలో పని, ఒక హెచ్చరిక. క్రెడిట్ లాగిన మరుసటి రోజే ఊరూపేరూ తెలియని లోన్ కంపెనీల నుంచి యాభై ఫోన్లు వచ్చేవి, క్రెడిట్ బ్యూరోలే నీ పేరు అమ్ముకునేవి. దాన్ని కట్టడి చేస్తూ 2025 సెప్టెంబరులో చట్టం వచ్చింది, 2026 మార్చి నుంచి అమలు. అయినా ఆప్ట్ అవుట్ ప్రీస్క్రీన్ సైట్‌లో ముందే పేరు తీయించుకుంటే మంచిది, కొన్ని రోజులు పడుతుంది.

సెలైనా_సొంతిల్లు:

అందరికీ థాంక్స్. రియల్టర్ ఒప్పందం తీసి చదివాను, క్యాష్‌బ్యాక్ రాసే ఉంది, లోన్ గురించి ఒక్క ముక్క లేదు. సంతకం పెట్టినప్పుడు చదవలేదు, సిగ్గుగా ఉంది.

బ్రోకర్‌ని, బిల్డర్ కంపెనీని, మా ఆఫీసు క్రెడిట్ యూనియన్‌ని (సభ్యుల సహకార బ్యాంకు) ముగ్గురినీ ఒకేరోజు లోన్ ఎస్టిమేట్ అడిగాను. ఆరు సంగతులు అని చెప్పగానే బ్రోకర్ గొంతు మారింది, "మీకు ఎవరు చెప్పారు సార్" అన్నాడు :) రేపటికల్లా పంపుతానన్నాడు.

గోదారి_గట్టు:

ఆస్టిన్ నుంచి. ఇది చదివితే నా గాయం మళ్లీ రేగింది, నాలాంటివాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

రెండేళ్ల కింద 4 లక్షల లోన్‌కి నేనూ ఇలాగే "మనవాడు" దగ్గరికే వెళ్లాను. పేరు చెప్పను. రేటు లాక్ చేశారా, అంటే క్లోజింగ్ దాకా మారకుండా ఖాయం చేశారా అని అడిగితే "చేసేశాను అన్నా, నువ్వు కర్టెన్లు కొనుక్కో" అన్నాడు, ఫోన్లో. లోన్ ఎస్టిమేట్ పంపాడు, నేను చూసింది నెలకి ఎంత అన్న ఒక్క అంకె. మొదటి పేజీ పైన కుడివైపు "రేట్ లాక్" అని ఒక గడి ఉంటుంది, దాంట్లో ఎస్, నో అని ఉంటాయి. నాదాంట్లో "నో" అని ఉంది. నేను చూళ్లేదు. ఆ నెలన్నరలో రేట్లు పెరిగాయి. క్లోజింగ్ డిస్‌క్లోజర్ వచ్చిన రోజు చూస్తే రేటు 0.375 ఎక్కువ, పైన ఒక పాయింటు, అంటే 4 వేల డాలర్లు. అడిగితే "మార్కెట్ అన్నా, నా చేతిలో ఏముంది" అన్నాడు. అపార్ట్‌మెంట్ లీజు అయిపోయింది, ట్రక్కు బుక్ అయింది, పిల్లల స్కూలు మారింది, ఇండియా నుంచి అమ్మానాన్నా వచ్చి గృహప్రవేశానికి రెడీగా ఉన్నారు. మూడు రోజులు టైమ్ ఉందని తెలిసినా ఆ మూడు రోజుల్లో కొత్త లోన్ ఎక్కడ పుడుతుంది? సంతకం పెట్టేశాను.

తర్వాత సీఎఫ్‌పీబీకి (లోన్ల మీద ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ సంస్థ) కంప్లయింట్ పెడదామని కాగితాలన్నీ తీశాను. రాతలో ఎక్కడా అతను లాక్ చేశానని లేదు. అంతా ఫోన్ మాటే. ఎవరి మీద పెడతాం?

పాత_ప్రాసెసర్:

@గోదారి_గట్టు, చాలా బాధగా ఉందండీ, ఇలాంటివి ఎన్ని చూశానో. మిగతా చదివేవాళ్ల కోసం: లాక్ చేశాక కాగితం మీద ఎప్పటివరకు అన్న తేదీ ఉంటుంది, అది క్లోజింగ్ తేదీ దాటి ఉండాలి. కొత్త ఇళ్లకి ఇదే పెద్ద తంటా, బిల్డర్ నెల ఆలస్యం చేస్తే లాక్ గడువు తీరిపోతుంది, పొడిగించడానికి ఎవరు కడతారన్నది ముందే రాయించుకోవాలి.

లాక్ అయ్యాక మాత్రం కొంత రక్షణ ఉంది. లోన్ ఎస్టిమేట్‌లో "ఎ" సెక్షన్‌లో ఉన్నవి, అంటే లోన్ కంపెనీ, బ్రోకర్ సొంత ఫీజులు, సరైన కారణం లేకుండా ఒక్క డాలర్ కూడా పెరగకూడదు. వాళ్ల లిస్టులోంచి తీసుకున్న బయటివాళ్ల ఫీజులు, రికార్డింగ్ ఫీజులు అన్నీ కలిపి 10 శాతం దాటకూడదు. దాటితే క్లోజింగ్ అయిన 60 రోజుల్లోపు వెనక్కివ్వాలి. "సి" సెక్షన్‌లో ఉన్నవి నువ్వు సొంతంగా బయట చూసుకోవచ్చు. ఇన్సూరెన్స్, ట్యాక్స్ లాంటివాటికి ఈ పరిమితి లేదు.

క్లోజింగ్ డిస్‌క్లోజర్ కూడా సంతకానికి కనీసం మూడు పని దినాల ముందు చేతికి రావాలి. ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపి లెక్కేసిన వడ్డీ రేటు) 0.125 శాతం కంటే ఎక్కువ మారినా, లోన్ రకం మారినా, ముందే తీర్చేస్తే పెనాల్టీ అని కొత్తగా చేర్చినా మళ్లీ మూడు రోజులు ఆగాల్సిందే. అప్రైజల్ (ఇంటి విలువ అంచనా) కాపీ కూడా మూడు రోజుల ముందే నీకివ్వాలి, దాని ఖర్చు నీదే కదా.

సెలైనా_సొంతిల్లు:

మూడూ వచ్చాయి. అన్నీ 30 ఏళ్ల ఫిక్స్‌డ్, 5 లక్షలు, ఒకే రోజువి.

బిల్డర్ కంపెనీ 6.375 శాతం, "ఎ" సెక్షన్‌లో 1.25 పాయింట్లు 6,250, అండర్‌రైటింగ్ (లోన్ పరిశీలన) ఫీజు 1,890, మొత్తం 8,140. అసలూ వడ్డీ కలిపి నెలకి 3,119. బిల్డర్ ఇచ్చే 15 వేలు అందులో చూపించారు.

బ్రోకర్ 6.25 శాతం, వాట్సాప్‌లో చెప్పినట్టే. కానీ 1.5 పాయింట్లు 7,500, ఫీజు 1,595, మొత్తం 9,095! వాట్సాప్‌లో ఈ పాయింట్ల ఊసే లేదు. నెలకి 3,079.

క్రెడిట్ యూనియన్ 6.5 శాతం, పాయింట్లు లేవు, ఫీజు 995. నెలకి 3,160.

ఇంకో వింత, బ్రోకర్ వాట్సాప్‌లో నెలకి మొత్తం 3,567 అన్నాడు కదా, ఇప్పుడు లోన్ ఎస్టిమేట్‌లో 4,475 ఉంది. రేటు అదే. 900 డాలర్లు ఎక్కడినుంచి ఊడిపడ్డాయో అర్థం కావట్లేదు.

ప్లేనో_పిన్ని:

ఆ 900 నాకు తెలుసు బాబూ, నేను కట్టాను కాబట్టి. అది ప్రాపర్టీ ట్యాక్స్.

కొత్త ఇంటికి మొదటి ఏడాది కౌంటీ ఖాళీ స్థలం మీదే ట్యాక్స్ వేస్తుంది, జనవరి 1న అక్కడ ఇల్లు లేదు కాబట్టి. మీ స్థలం లక్షా 30 వేలు అనుకో, 2.2 శాతం లెక్కన నెలకి 238. అదే ఇల్లంతా కలిపి 6 లక్షల 25 వేల మీద అయితే నెలకి 1,146. తేడా ఎంత? 908. వాట్సాప్‌లో స్థలం లెక్క వేసి నెల కిస్తీ ముద్దుగా చూపించాడు. లోన్ ఎస్టిమేట్‌లో కట్టబోయే ఇంటి విలువ కూడా కలిపి లెక్కెయ్యాలని రూలు, అందుకే అక్కడ నిజం బయటపడింది.

మా రెండో ఇంటికి ఎస్క్రో, అంటే ట్యాక్స్, ఇన్సూరెన్స్ కోసం కిస్తీతో పాటు నెలనెలా లోన్ కంపెనీ దగ్గర జమ చేసే డబ్బు, స్థలం లెక్కనే కట్టించుకున్నారు. ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడు ఉత్తరం వచ్చింది, ఎస్క్రోలో లోటు పడింది, పాత బాకీ కట్టండి, ఇకనుంచి నెలకి ఇంతెక్కువ అని. ఆయన అప్పుడే ఉద్యోగం మారారు, ఆ రెండు నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు. మొదటి నెల నుంచే పూర్తి లెక్కన ఎస్క్రో కట్టించుకోమని అడుగు. ఇంట్లో దిగాక హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి (సొంతంగా ఉండే ఇంటికి ట్యాక్స్ రాయితీ) అప్లై చెయ్యి, కొంత తగ్గుతుంది. మీ కాలనీలో మడ్డో పిడ్డో (నీళ్లు, రోడ్ల లాంటి వసతుల కోసం అదనంగా వసూలు చేసే స్థానిక డిస్ట్రిక్టులు) ఉంటే ఆ రేటు కూడా కలుపుకుని చూసుకో.

పాత_ప్రాసెసర్:

పిన్నిగారికి దండం. ఇప్పుడు లెక్క.

బ్రోకర్‌కి, బిల్డర్‌కి నెలకి తేడా 40 డాలర్ల చిల్లర. ముందు పెట్టే డబ్బులో తేడా మాత్రం 955 ప్లస్ బిల్డర్ 15 వేలు, అంటే 15,955. నెలకి 41 చొప్పున ఆ డబ్బు తిరిగి రావాలంటే 389 నెలలు పడుతుంది. లోనే 360 నెలలు! లోన్ అయిపోయాక కూడా రాదు. క్రెడిట్ యూనియన్‌కి ఫీజులు తక్కువే, కానీ రేటూ ఎక్కువ, 15 వేలూ లేవు. ఈ మూడింట్లో బిల్డర్ కంపెనీయే నయం. ఉప్పుడు పిండి గారూ, మీరే గెలిచారు.

కానీ ఇక్కడితో ఆగకు. మిగతా రెండు కాగితాలూ బిల్డర్ లోన్ ఆఫీసర్‌కి పంపి "నాకింకా మంచిది కావాలి" అను. అడిగేటప్పుడు ఒక తెలివి కావాలి. వాళ్లు "పాయింట్లు తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకు. ఎందుకంటే ఆ 15 వేలు ఖర్చులకే వాడాలి, మిగిలితే నీ జేబులోకి రాదు, బిల్డర్ దగ్గరే ఉండిపోతుంది. నీ ఖర్చు "ఎ" సెక్షన్ 8,140, టైటిల్, సర్వే, ప్రీపెయిడ్లు (ముందే కట్టే ట్యాక్స్, ఇన్సూరెన్స్ లాంటివి) ఇంకో 7 వేలు అనుకుందాం, మొత్తం 15 వేలు దాటి సరిపోతోంది. పాయింట్లు మూడు వేల ఏడొందలు తగ్గించారనుకో, నువ్వు సంబరపడతావు గానీ లాభం బిల్డర్‌కే. అందుకని పాయింట్లు అలాగే ఉంచి రేటు తగ్గించమను. ఇంకొకటి, అసలు ఈ ఇన్సెంటివ్ వద్దు, ధరలో తగ్గిస్తారా అని కూడా ఒకసారి అడిగి చూడు. సాధారణంగా ఒప్పుకోరు, పక్క ఇళ్ల ధర పడిపోతుందని వాళ్ల భయం. అడిగితే పోయేదేముంది?

టైటిల్ కంపెనీ గురించి ఎవరూ అడగలేదు గానీ, టెక్సస్‌లో టైటిల్ ఇన్సూరెన్స్ ప్రీమియం రాష్ట్రమే నిర్ణయిస్తుంది, ఎక్కడైనా ఒకటే. ఎస్క్రో ఫీజులాంటివే తేడా. దానికి బుర్ర పాడుచేసుకోకు.

మిరపకాయ_బజ్జీ:

మధ్యలో దూరుతున్నా, సారీ. మేమూ హెచ్1బీయే, మా దగ్గర 20 శాతం లేదు. మా బ్రోకర్ ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ హామీ ఉండే) లోన్ చేయిస్తా, 3.5 శాతం చాలు, ముందు ఫైలు ఓపెన్ చేద్దాం అంటున్నాడు. చెయ్యొచ్చా?

పాత_ప్రాసెసర్:

@మిరపకాయ_బజ్జీ, ఆగండాగండి. 2025 మే 25 నుంచి గ్రీన్ కార్డు లేనివాళ్లకి ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు ఆపేశారు, హెచ్1బీ వాళ్లకి ఇక రాదు. ఇది తెలియని బ్రోకర్ అయితే మార్చండి, తెలిసీ ఫైలు ఓపెన్ చేద్దామంటే ఇంకా ముందు మార్చండి. కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్) మీకు వస్తుంది, 5 శాతం డౌన్‌తో కూడా ఇచ్చేవాళ్లున్నారు, పీఎంఐ, అంటే లోన్ కంపెనీ రక్షణకి మీరు కట్టే ఇన్సూరెన్స్, పడుతుంది. బాకీ ఇంటి మొదటి విలువలో 80 శాతానికి దిగాక తీసెయ్యమని మీరే అడగొచ్చు, సక్రమంగా కడుతూ ఉంటే 78కి రాగానే వాళ్లే తీసెయ్యాలి.

మిరపకాయ_బజ్జీ:

అమ్మో. అప్రైజల్ డబ్బులు కట్టమని లింక్ కూడా పంపాడు. కట్టలేదు, థాంక్స్ అండీ.

సెలైనా_సొంతిల్లు:

ఆలస్యంగా అప్‌డేట్. ధర తగ్గించమంటే సేల్స్ ఆఫీసులో నవ్వారు. రెండు కాగితాలు చూపించాక లోన్ ఆఫీసర్ సరిగ్గా మీరన్నట్టే "పాయింట్లు తగ్గిస్తాం" అన్నాడు. వద్దు, రేటు చూడండి అన్నాను. రెండు రోజులు తిప్పి అవే పాయింట్లకి 6.25 ఇచ్చారు. లాక్ తేదీ క్లోజింగ్ తర్వాత మూడు వారాల దాకా ఉంది, బిల్డర్ ఆలస్యం చేస్తే పొడిగింపు ఖర్చు వాళ్లదే అని ఈమెయిల్‌లో రాయించుకున్నాను. కొత్త లోన్ ఎస్టిమేట్‌లో కుడివైపు గడిలో "ఎస్" చూశాను గోదారి గట్టు గారూ, మిమ్మల్నే తలుచుకున్నా. ఎస్క్రో కూడా పూర్తి ఇంటి లెక్కనే పెట్టమన్నాం. నెలకి 4,475, కొంచెం టెన్షనే గానీ కనీసం ఎంతో తెలుసు.

బ్రోకర్‌కి మర్యాదగా ఈమెయిల్ పెట్టాను, జవాబు లేదు. రియల్టర్ రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు క్యాష్‌బ్యాక్ కాగితం తనే పంపాడు, లోన్ మాట ఎత్తలేదు. మొన్న శనివారం గుళ్లో కనిపించి "గృహప్రవేశం ఎప్పుడు పెట్టుకున్నారు, ముహూర్తం చూపించారా" అని అడిగాడు, పులిహోర కూడా తనే తెచ్చిచ్చాడు. మా ఆవిడ ఇప్పటికీ నమ్మట్లేదు.

చివరి డౌటు, లోన్‌కి సంబంధం లేదు. కొత్త ఇంట్లో ఎలక్ట్రిక్ స్టవ్ ఇచ్చారు. పాలు దాని మీద పొంగుతాయా, చిన్న గ్యాస్ స్టవ్ కొనాలా?

ప్లేనో_పిన్ని:

పొంగుతాయి, చిన్న గిన్నె పెట్టు, పాలు అంచు దాకా పొయ్యి. హోమం చేస్తే మాత్రం ముందు స్మోక్ అలారం సంగతి చూసుకో, మా పంతులుగారి మంత్రం మధ్యలో ఫైరింజన్ వచ్చింది.